జగ్గారావు వల పాటని అతికిన వైనం

పైడయ్య టీ కొట్టు జాలరిపేటలో పడవలు ఒడ్డెక్కే చోటుకి ఎదురుగా ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నమైతే వలలు బాగుచేసుకునేవాళ్ళూ, డ్యూటీ లేని స్టీలు ప్లాంటు వాళ్ళూ అక్కడే చేరతారు. ఆ రోజు కాసులమ్మ కూడా వచ్చింది. కేసెట్లున్న సంచీ ఒకటి ఒళ్ళో పెట్టుకుని బెంచీ చివర కూర్చుంది. పక్కన ఆమె మొగుడు గంగరాజు, మెడకి తువ్వాలు చుట్టుకుని.

పెద్దవల లాగే రోజున గంగరాజు పాట అందుకుంటేనే తాడు కదిలేది. అలాంటి మనిషికి గొంతు ఆపరేషనయ్యింది. ఇంక పాడటం కుదరదన్నారు. కొన్నాళ్ళు మాట కూడా మాట్లాడవద్దని డాక్టరు చెప్పాడని పేటంతా తెలుసు. ఆయన పాట మిగిలింది ఆ కేసెట్లలో, అదీ ముక్కలు ముక్కలుగా. వాటికీ ఉప్పుగాలికి బూజు పట్టింది. ఇంకొక్కసారి ఆడిస్తే నిలుస్తాయో తెగుతాయో ఎవరూ చెప్పలేరు. కాసులమ్మకి ఆ బెంగతో నిద్ర లేదు.

ఆ ముక్కల్ని ఒకే పాటగా అతికి, ఎంపీత్రీ చేసి ఇమ్మని అడగడానికి వచ్చిందామె. అడగవలసిన మనిషి జగ్గారావు. ఆమెకి మేనల్లుడి వరస, గోపాలపట్నంలో కంప్యూటర్ రికార్డింగు సెంటరు పెట్టాడు. జాలరి ఇంట్లో పుట్టాడన్న మాటేగానీ ఏనాడూ తాడు ముట్టిన పాపాన పోలేదు. నోరు మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉండదు.

"ఒరే జగ్గా, పోయినేడు ఇయ్యే కేసెట్లు అతికావంట గదా. ఆ సీడీ ఏటైపోనాది? ఇప్పుడు మళ్ళీ ఏ సాఫ్ట్‌వేరేసి అతుకుతావు?" అనడిగింది కాసులమ్మ.

అడగడమే ఆమె పొరపాటు. జగ్గారావు టీ గ్లాసు కింద పెట్టాడు. గ్లాసు కింద పెట్టాడంటే కోతలు మొదలని మాకు అర్థమైపోయింది. అందరం సర్దుకుని కూర్చున్నాం.

"ఏ సాఫ్ట్‌వేరని ఒక్క ముక్కలో అడిగీసావు అత్తా. అదేటి, కొట్టుకెల్లి పావుకేజీ పంచదార కట్టించుకోడమా? సాఫ్ట్‌వేరు ఎంచడమంటే సేప కొన్నట్టు. పైన తళతళ సూసి సంచీలో ఏసుకోకూడదు. మొప్ప ఎత్తాల, కన్ను సూడాల, ఏలితో నొక్కాల. నా కాడ అప్పుడు ఎన్ని సాఫ్ట్‌వేర్లున్నాయనుకున్నావు? కంప్యూటర్ పుస్తకాల్తో ఫ్రీగా ఒచ్చినయ్యీ, ఇంటర్నెట్టులోంచి దింపినయ్యీ, నేస్తులిచ్చినయ్యీ, అన్నీ కలిపి గోనె సంచీడు."

"సాఫ్ట్‌వేర్లు గోనె సంచీలో ఉంటాయేటి బావా?" అన్నాడు పైడయ్య.

"సీడీల్లో ఉంటాయి. సీడీలు సంచీలో ఉంటాయి. నువ్వు పాలు పొంగకుండా సూసుకో బావా. ముందు సంగతేటంటే, ఈ పాట మా నాన్న రికాడు సేసాడు. టూ-ఇన్-వన్ను బుజం మీద పెట్టుకుని, మావ పక్కనే నడుస్తా సేసాడు. కేసెట్టుకి ఏటి తెలుసు? ఒక వేపు అయిపోగానే టక్కుమని ఆగిపోద్ది. మా నాన్న దాన్ని తిరగేసి పెట్టీసరికి మావ సగం పాట గాల్లో కలిసిపోయీది. అందుకే ఇన్ని ముక్కలు. వాటిని అతకాల, అతుకు కనపడకూడదు. అతికినాక ఎంపీత్రీ సెయ్యాల, గొంతు పాడవకూడదు. మామూలోడు సెయ్యగలడా? అవునా కాదా మావా?"

గంగరాజు టీ ఊదుకుంటున్నాడు.

"సూసారా, కాదన్నేదు. సరే, మొదటి సాఫ్ట్‌వేరు ఏసాను. బాగానే అతికినాది. ఏసి ఇంటన్నాను. మావ మాంచి ఊపు మీద పాడతన్నాడు, ఇంతలో మజ్జలో ఒక ఆడమనిషి ఇంగిలీసులో మాట్టాడతన్నాది. ఏటంటే, ఇది ట్రయల్ వెర్షను, డబ్బు కట్టి కొనుక్కో అంటన్నాది. పాటలో అయిదారు సోట్ల దూరిపోనాది. ఇంకొకడైతే ఏటి సేత్తాడు? తీసి అవతల పారేత్తాడు. నాను మైకు దగ్గరెట్టి ఆవిడతో మాట్టాడాను. అమ్మా, ఇది జాలరోళ్ళ పాట, మొగోళ్ళు తాడు లాగతన్న సోట నువ్వు ఒచ్చి డబ్బులడగడం మర్యాద కాదు అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఆవిడ బదులు చెప్పిందంటారా?" అన్నాడు కామరాజు. ఆయనది గోదావరి వైపు, ప్లాంటులో ఉద్యోగం. అన్నిటికీ 'అండి' తగిలించి అడుగుతాడుగానీ దేన్నీ నమ్మడు.

"బదులు సెప్పడమేటండీ! సారీ సెప్పినాది. సెప్పి ఊరుకున్నాదా? మర్నాడు ఏసి ఇంటే డబ్బు మాట నేదు, మావ ఒక మాటనగానే ఆవిడ 'హైలెస్సా' అంటన్నాది! కానీ ఏటి లాభం, ఆవిడది ఇంగిలీసు హైలెస్సా. మనోళ్ళకి సరిపడదు. అందుకని ఆ సాఫ్ట్‌వేరు ఒద్దనుకున్నాను."

"తీసీసావా?" అన్నాడు పైడయ్య.

"సాగనంపాను. ఆడమనిషి గదా. ఇంక రెండో సాఫ్ట్‌వేరు. అది అతకడం అతికినాది గానీ, ఒక ముక్క ఒక స్పీడు, ఇంకో ముక్క ఇంకో స్పీడు. దానికి లెక్క తప్పిపోనాది. మావ గొంతు ఎలక పిల్ల గొంతు అయిపోనాది. కీచు కీచుమని! అబద్దమైతే మా ఈధిలో అడగండి, గోపాలపట్నంలో ఉన్న పిల్లులన్నీ నా సెంటరు మెట్ల మీద ఒచ్చి కూకున్నాయి. సింహాచలం వేపునుంచి కూడా ఒచ్చాయి. కొన్ని లైన్లో నిలబడ్డాయి. ఆటిని తోలడానికి ఎండుసేపలు పంచవలిసొచ్చినాది."

"పిల్లులు లైన్లో నిలబడ్డం నేనెక్కడా వినలేదండి," అన్నాడు కామరాజు.

"గోపాలపట్నం పిల్లులండి. మా బజార్లో రద్దీ సూసి నేర్చుకున్నాయి. ఇంక మూడోది. అదీ సాఫ్ట్‌వేరంటే. కేసెట్టు ముక్కలెన్నున్నా మింగీసుద్ది, ఏ రకం పైలైనా ఇంకో రకంగా మార్చీసుద్ది. కానీ తాళం ఏసి ఉన్నాది. దానికో నెంబరు కొట్టాలట. నెంబరు కంపినీవోడి కాడ ఉన్నాది. కంపినీ అమెరికాలోనో జర్మనీలోనో ఉన్నాది. నాను ఊరుకుంటానా? ఎస్టీడీ బూతుకెల్లి ఫోను కొట్టాను. యజమాని దొరే ఎత్తాడు. అయ్యా, ఇలాగ మా మావ పాట ఉన్నాది అని సెప్పి, కేసెట్టు ఫోనుకి దగ్గరెట్టాను. అటు దొర ఏడుత్తన్నాడు. ఎక్కెక్కి ఏడుత్తన్నాడు. బాబూ, ఈ సాఫ్ట్‌వేరు నాను ఎందుకు తయారు సేసానో నాకు ఇన్నాళ్ళూ తెలవదు, ఇప్పుడు తెలిసినాది అన్నాడు."

"దొరకి తెలుగొచ్చా?" అన్నాడు పైడయ్య.

"ఏడుపుకి తెలుగేటి, ఇంగిలీసేటి బావా! నెంబరిచ్చాడు. ఇచ్చి, మా కంపినీలో కూడా ఏ సాఫ్ట్‌వేరు మంచిదో ఏది కాదో నువ్వే సెప్పాల, ఇమానం టిక్కెట్టు పంపుతానన్నాడు. మా మావ పాట మజ్జలో ఒగ్గేసి రానన్నాను. అవునా మావా?"

గంగరాజు తువ్వాలు సర్దుకున్నాడు.

"సూడండి, ఆయన కళ్ళల్లో నీళ్ళు. సరే, నెంబరు కొట్టాను. కేసెట్లు ఒక్కోటీ ఎక్కిస్తన్నాను. ఎక్కిస్తంటే పైలు పెరిగిపోతన్నాది. అలాగ మార్చకుండా ఉంచిన పైలు మహా లావుగా ఉంటాది అత్తా. హార్డు డిస్కు నిండిపోనాది. కంప్యూటరు కాలిపోతన్నాది. ముట్టుకుంటే దోసె ఏసీయొచ్చు. ఆటో కట్టించుకుని ఫిషింగు హార్బరుకెల్లాను. బోటుకెల్లీవోళ్ళ ఐసు బేరమాడి తెచ్చాను. గంపలో కింద ఐసు, మజ్జలో కంప్యూటరు, పైన ఐసు. వంజరం సేప ఎలా సర్దుతారు, అలాగ సర్దాను. అప్పుడు మార్చడం మొదలెట్టాను. మార్చి, నొక్కి నొక్కి, ఎంత సిన్నది సేసీసానంటే ఒక్క ప్లాపీలో పట్టీసినాది. ఇంకా జాగా మిగిలితే మా బామ్మర్ది పెళ్ళి వీడియో కూడా అందులోనే ఇరికించాను."

కామరాజుకి టీ పొలమారింది. "ఫ్లాపీలో ఒక ఫొటో పట్టడమే కష్టమండి బాబూ."

"నొక్కడం తెలియాల గదండీ. ఇంక సిన్న పైలు ఒచ్చీసినాది గదా, ఆ లావు పైలు ఎందుకని తీసీసాను."

అప్పటిదాకా నవ్వుతున్న కాసులమ్మ నవ్వు ఆపేసింది. "తీసీసావా? అయితే ఇప్పుడు ఈ కేసెట్లు తప్ప మరేటీ నేదన్నమాట."

"ఎందుకు భయపడతావత్తా, సీడీ సేసాను గదా. అసలు కథ ఇప్పుడే మొదలైనాది. సాఫ్ట్‌వేరులో ఆఖర్న ఒక డబ్బా ఉన్నాది. పాటలో ఎక్కడెక్కడ సద్దు నేదో ఆ ఖాళీలన్నీ తీసీమంటావా అనడిగినాది. మావ పాటలో ఎన్ని ఖాళీలో మీకు తెలవనిదేటి. ఒక మాటంటాడు, ఆగుతాడు. ఒక మాటంటాడు, ఆగుతాడు. ఖాళీలు దండగ గదా అని డబ్బాలో టిక్కు పెట్టీసాను. పాట సగానికి సగం అయిపోనాది. సిక్కగా ఒచ్చినాది, మొదటి పాల టీలాగ. అప్పుడే భీమిలి ఒడ్డున మావ సుట్టాలు పెద్దవల ఏత్తన్నారని కబురొచ్చినాది. మావకి అప్పుడికే గొంతు నొప్పి. మావా, ఇంక నువ్వు పాడక్కర్నేదు, నా సీడీ పాడుద్ది అన్నాను. ఆటోకి మైకు సెట్టు కట్టించి, తగరపువలస మీదుగా నాను, మావ ఎల్లాం. ఇంకెవులూ రానేదు. వొచ్చుంటే జన్మ తరించీది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

పైడయ్య స్టవ్వు మంట తగ్గించాడు.

"పడవ ఎల్లి వల సుట్టు తిప్పి ఏసొచ్చినాది. రెండు తాళ్ళూ ఒడ్డు మీదకి ఒచ్చాయి. ఇటు కొందరు, అటు కొందరు పట్టుకున్నారు. నాను సీడీ ఏసాను. మామూలుగా ఏటవుద్ది? మావ ఒక మాటంటాడు. ఆగుతాడు. ఆ ఆగినప్పుడు తాడు పట్టినోళ్ళు హైలెస్సా అని లాగుతారు. మళ్ళీ ఊపిరి తీసుకుంటారు. నాను ఆగడం తీసీసాను గదా! మాట ఎనక మాట, మాట ఎనక మాట. ఇంక ఊపిరేది? ఆగడమేది? లాగడమే! ఎనక్కి నడుస్తా లాగతన్నారు, పరిగెడతా లాగతన్నారు. తాడు ఇసక మీద పొగలు కక్కతన్నాది. వల రాకముందే సేపలు ఒచ్చీసాయి, ఎనకనుంచి వల తోసుకొచ్చినాది. వంజరాలు, సందువాలు, కానాగంతలు, టేకు సేప ఒకటి, అది దండం కూడా పెట్టినాది, నన్నొగ్గీండి బాబూ నాకు పిల్లలున్నారని."

"చేపకి చేతులెక్కడివండి దండం పెట్టడానికి?"

"రెక్కల్తో పెట్టినాదండి. మీరు అడ్డుతగలకండి, నాకు కూడా ఆగడం తెలవదు ఇప్పుడు. సేపలయ్యాక పడవలు ఒచ్చాయి. పూడిమడక పడవలు, ముత్యాలమ్మపాలెం పడవలు. ఆటిల్లో ఉన్నోళ్ళు అన్నాలు తింటన్నారు, తింటానే ఒడ్డెక్కీసారు. పడవలయ్యాక ఏటొచ్చినాదో తెలుసా? ఓడ! మన పోర్టు బయట లంగరేసుకుని వంతు కోసం సూసుకుంటన్న ఓడ, ఇనప రాయి సీనా దేశానికి ఎత్తుకెల్లడానికి ఒచ్చినాది. లంగరుతో సహా ఒచ్చీసినాది. ఓడలో వంటోడు గరిటె పట్టుకుని డెక్కు మీదకి ఒచ్చి, ఇదేటి, సీనా ఒచ్చీసిందా అనడిగాడు. భీమిలి అని సెప్పాను. ఓడ ఎనకాల యారాడ కొండ! కదిలినాది! లైటుహౌసు లైటు ఎల్లి తగరపువలస సంతలో పడ్డాది. వంకాయలమ్మీ ఆడోళ్ళు కళ్ళు మూసుకున్నారు."

"మరి కొండకి అవతల మా ప్లాంటుందండి. దాని సంగతేంటి?"

"అదీ కొద్దిగా జరిగినాది. ఆ నెల్లో మీ బస్సు ప్లాంటుకి తొందరగా ఎల్లిపోయీది గదా, మీకు అనుమానం రాలేదా?"

"ఆ నెల నేను సెలవులో ఉన్నానండి."

"అదీ సంగతి. అందుకే మీకు తెలవనేదు. అప్పుడు పోర్టోళ్ళు, నేవీవోళ్ళు జీపుల మీద ఒచ్చీసారు. బాబూ జగ్గారావూ, మా ఓడ మాకు ఇచ్చీ, మా కొండ మాకు ఇచ్చీ, నేపోతే మా ఉజ్జోగాలు పోతాయి అని దండాలు. నాకు జాలేసినాది. కానీ ఎనక్కి ఎలాగ పంపడం? నాను ఎంచిన సాఫ్ట్‌వేరు అలాటిలాటిది కాదు. అందులో పాటని తిరగేసి పాడించీ మీట కూడా ఉన్నాది. లేప్‌టాపు ఆటోలోనే ఉన్నాది. పాట తిరగేసాను. సివర మాట మొదట, మొదటి మాట సివర. మనోళ్ళు కూడా తిరగబడి, తాడు లాగడం మానేసి తోయడం మొదలెట్టారు! కొండ ఎల్లి కొండ సోట కూకున్నాది. ఓడ ఎల్లిపోనాది. పడవలు ఎల్లిపోనాయి, అన్నాలు తింటన్నోళ్ళు తింటానే ఉన్నారు. సేపలు ఒకదాని ఎనక ఒకటి నీళ్ళలోకి నడిసి ఎల్లిపోనాయి. అందుకే ఆ రోజు మాకు ఒక్క సేప కూడా మిగల్నేదు. నేపోతే సూపించీవోణ్ణి."

"అబ్బ, సాక్ష్యం లేకుండా ఎంత చక్కగా సర్దేశారండి," అన్నాడు కామరాజు.

"సాచ్చికం నేకపోడమేటండీ, పక్కనే కూకున్నాడు గదా మా మావ!"

"మరి సీడీ?" అంది కాసులమ్మ. ఆమెకి కొండ సంగతి అక్కర్లేదు.

"ఆ సీడీయే సెప్పబోతన్నానత్తా. ఓడ కదుల్తన్నప్పుడు కేప్టెను నిచ్చెన దిగి ఒచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు. నడి సముద్రంలో ఇంజను ఆగిపోతే ఇది ఏసుకుని ఓడ లాగించుకుంటాను, ఈ సీడీ నాకిచ్చీ అన్నాడు. పెద్దోడు కాళ్ళు పట్టుకుంటే ఎలాగ కాదంటాం? ఇచ్చీసాను. ఇప్పుడా సీడీ ఏ దేశంలో ఉన్నాదో! అవునా కాదా, ఒక్కసారి తలూపు మావా!"

గంగరాజు గ్లాసులో చివరి గుక్క తాగాడు. గ్లాసు పైడయ్యకి అందించాడు. మూతి తుడుచుకున్నాడు.

"ఆ సీడీ మనింట్లోనే ఉన్నాది," అన్నాడు.

గొంతు బొంగురుగా, సన్నగా వచ్చింది. కానీ బెంచీ మీదున్న ప్రతివాడికీ వినపడింది.

జగ్గారావు ఎగిరిపడ్డాడు. "మావా! నువ్వు మాట్టాడకూడదు! డాక్టరు..."

"మొన్న సోమారమే మాట్టాడమన్నాడు. నువ్వు ఎక్కడిదాకా ఎల్తావో సూద్దారని కూకున్నాను."

పైడయ్య నవ్వు పట్టలేక చేతిలో గరిటె కింద పడేశాడు. గంగరాజు మాత్రం నవ్వలేదు, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ చెప్పాడు.

"సీడీ ఏసాడు. ఆగకుండా పాడతన్నాది. ఎప్పుడు లాగాలో ఎవులికీ తెలవలేదు. ఒకడు ముందు లాగాడు, ఒకడు ఎనక లాగాడు. తాడు జారి అందరూ ఇసకలో ఎల్లకిలా పడ్డారు. పడి నవ్వుతన్నారు. వల అటే కొట్టుకుపోతంటే, ఆ మైకు ఆపించి, నొప్పి గొంతుతోటి నానే పాడాను. రెండు గంపల పీతలు పడ్డాయి. ఈడు ఆటో ఎనకాల దాక్కున్నాడు."

"మరి సీడీ ఏదయ్యా?" అంది కాసులమ్మ.

"మన పెరట్లో ఎండుసేపల పందిరికి ఏలాడగట్టాను. ఎండకి తళుక్కుమంటాది. ఒక్క కాకి వాలడం నేదు."

"ఓలమ్మో, అదా! రోజూ దాని కిందే గదా సేపలు తిరగేత్తన్నాను!"

ఇంక ఎవరికీ నవ్వు ఆగలేదు. కామరాజు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "మొత్తానికి పనికొచ్చిందండి, ఓడ కాకపోతే కాకి," అన్నాడు. జగ్గారావు కూడా నవ్వబోయాడు గానీ కాసులమ్మ ముఖం చూసి మానుకున్నాడు. ఆమె రెండు చేతుల్తో సంచీ గట్టిగా పట్టుకుని ఉంది.

"నీకు నవ్వులాటరా జగ్గా. ఈయన గొంతు ఇందులో తప్ప ఇంకెక్కడా నేదు. పరాయోడికి ఇయ్యలేక నీ దగ్గరికి ఒచ్చాను. మళ్ళీ నువ్వు టిక్కులెట్టి పాడు సేసావంటే, నాను మరేటి ఇని బతకాల?"

జగ్గారావు తల దించుకున్నాడు. ఒక్క క్షణమే. "ఈసారి ఇంకా మంచి సాఫ్ట్‌వేరు ఉన్నాదత్తా, కొత్తగా ఒచ్చినాది, దాంతో..."

"సాఫ్ట్‌వేరుని అనకు," అన్నాడు గంగరాజు. "అది అడిగినాది గదా నిన్ను, తీసీమంటావా అని. ఆ ఆగిన సోట ఏటవుద్దో నీకు తెలవదు. తెలీనోడివి కాబట్టి ఔనన్నావు. రేపు ఇక్కడ పెద్దవల ఏత్తన్నారు. పొద్దున్నే ఒచ్చి తాడు పట్టు. లాగు. నీకు ఎక్కడ ఊపిరి కావాలో తెలిసినాక, అప్పుడు అతుకు నా పాట."

"అప్పుడుదాకా సంచీ నా కాడే ఉంటాది," అంది కాసులమ్మ.

జగ్గారావు ఒడ్డు వైపు చూశాడు. అక్కడ వల కుప్పగా పోసి ఉంది, పడుకున్న ఏనుగంత. తన అరచేతులు రెండూ ఒకసారి తిప్పి చూసుకున్నాడు. కీబోర్డు తప్ప మరేమీ ఎరగని చేతులు.

"మావా, ఆ వల ఎంత బరువుంటాది?" అన్నాడు మెల్లిగా.

"ఓడనే లాగించినోడివి," అంది కాసులమ్మ, "నీకు వలో లెక్కా?"